యేసుదాసు వయసుకు సాక్ష్యం

“యేసుదాసూ! ఓరి యేసుదాసూ! ఆ గోడవతల నిలబడి తొంగి చూడ్డం ఎందుకురా? లోపలికి రా, నీ టీ చల్లారిపోతోంది!”

ఆ కేక మా నాయనమ్మ రోసమ్మది. నెల కిందట గుక్కెడు గంజి మింగలేక మంచానికి అతుక్కుపోయిన మనిషి, ఇవాళ వరండాలో దిండుకు ఆనుకుని కూర్చుని లాలాగూడ రైల్వే క్వార్టర్ల వరసంతటికీ వినబడేలా పిలుస్తోంది. తలుపు తెర వెనక టీ కెటిలు పట్టుకుని నిలబడ్డ నాకు ఆ కేక పాటలా వినబడింది. దేవుడా, ఇంకా పిలిపించు, ఇంకా గట్టిగా పిలిపించు అనుకున్నాను.

ఆ సాయంత్రం మా ఇంట్లో కృతజ్ఞత కూడిక. పోలీసు యాక్షన్ జరిగిన ఆ సెప్టెంబరులోనే నాయనమ్మ చావు గడప దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. గూడ్సు బండి మీద గార్డుగా వెళ్ళి బెజవాడ వైపు చిక్కుకుపోయిన నాన్న, రైళ్ళు మళ్ళీ నడిచాక క్షేమంగా ఇల్లు చేరాడు. రెండు మేళ్ళకూ కలిపి ఒకే కూడిక. ఇలాంటప్పుడు మా వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. జబ్బు నయమైతే, అందులో చేయి వేసిన ప్రతి మనిషినీ ఇంటికి పిలవాలి. నాడి చూసిన డాక్టరమ్మ దగ్గర్నుంచి వేణ్ణీళ్ళు కాచి ఇచ్చిన పక్కింటామె దాకా ఎవరినీ మరవకూడదు. ఒక్కరిని మరిచినా స్తుతి పైకి చేరదని నాయనమ్మ పట్టుదల.

ప్రార్థన అయిపోయింది. మా గుడి పాస్టరు యెషయా అయ్యగారు కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. నాన్న వాలుకుర్చీలో, ఎదురుగా బల్ల మీద వర్క్‌షాపులో బాయిలర్ల దగ్గర పనిచేసే వీరయ్య మామ కూర్చున్నారు. గోడవతల నుంచి యేసుదాసు వచ్చాడు.

అతనిది మా పక్క క్వార్టరు. వర్క్‌షాపులో ఫిట్టరు. ఇరవై మూడేళ్ళు నిండాయి కానీ ముఖం చూస్తే ఆ లెక్క ఎవరూ ఒప్పుకోరు. గడ్డం లేదు, మీసం లేదు, బుగ్గలు మాత్రం ఉన్నాయి. ఇంజను మసి అంటుకున్న రోజుల్లో ఆ మసినే మీసమనుకుని నేను సంతోషించేదాన్ని.

వరసలోని కుర్రాళ్ళందరూ మా నాన్నను బాబాయ్ అంటారు. యేసుదాసు ఒక్కడే ‘నోవహు గారూ’ అంటాడు. బాబాయ్ అంటే నేను చెల్లెలినైపోతాను కదా! ఆ సంగతి మా ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలియదనుకునేదాన్ని.

ఆ ఉదయమే నాన్న అన్నాడు, నిడదవోలు నుంచి ఒక మాస్టారి సంబంధం వచ్చిందని, వచ్చే వారం చూడ్డానికి వస్తారని. నాయనమ్మ మెల్లగా, “పక్కనే యేసుదాసు లేడట్రా?” అంది. నాన్న పెద్దగా నవ్వాడు. “వాడా? వాడు పిల్లాడు కదమ్మా!” అన్నాడు. మా రెండు క్వార్టర్లకూ మధ్య గోడ ఒకటే. అవతల సబ్బు పెట్టె కింద పడిన చప్పుడు వినబడింది. ఆ మాట అతను విన్నాడు, అందుకే సాయంత్రం లోపలికి రాకుండా గోడ దగ్గర నక్కాడు. మా నాన్న కళ్ళకు పెద్దవాడుగా కనబడితే తప్ప ఆ మాస్టారి రాక ఆగదని అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

“ఏం పిలగా,” అన్నాడు వీరయ్య మామ, “అమ్మకు బ్రాందీ తెచ్చింది నువ్వేనంట గదా. గా సేటు గడ్డం చూడంది సీసా ఇయ్యడు. నీకేమో గీక్కునేటందుకు సుత ఏం లేదు. ఎట్లిచ్చిండు?”

“అవునబ్బాయ్,” అన్నాడు నాన్న, “నేనూ అదే అడుగుదామనుకుంటున్నాను. ‘ఇరవై ఒకటి దాటనోళ్ళకు మందు లేదు’ అని బోర్డు కూడా రాసి పెట్టుకున్నాడాయన. వయసు రుజువు చెయ్యమని మా డ్రైవరు తమ్ముణ్ణి, పెళ్ళయి పిల్లలున్నవాణ్ణి, గంట నిలబెట్టాడు. నీకెలా ఇచ్చాడు?”

యేసుదాసు తెర వైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. అతను బల్ల మీద కూర్చుని, టీ ఒక్క గుక్కలో తాగి, కప్పు కింద పెట్టి షురూ చేశాడు.

“చెప్తా. గని నడుమల ఎవ్వరు అడ్డం రావొద్దు. ఆ దినం పొద్దుగాల డాక్టరమ్మ వచ్చి నాడి పట్టి, ఒళ్ళు చల్లబడుతున్నది, జెర జెర బ్రాందీ పొయ్యుండ్రి అన్నది. మందుకే అయ్యగారూ! నేను వాసన సుత చూడలే.”

“మందు మందే నాయనా, చెప్పు,” అన్నారు అయ్యగారు.

“ఇగ బయటికెళ్ళిన. బజారు చూస్తే ఒక్క పురుగు లేదు, తలుపులన్నీ బంద్. మెట్టుగూడ దాటినంకనే నెత్తి మీద విమానం! నేను ఆగలే. క్లాక్ టవర్ కాడ దొరాబ్జీ సేటు దుకాణం పలకలన్నీ ఏసి ఉన్నయి. కొట్టిన, కొట్టిన. ఒక్క పలక తీసి సేటు ముఖం బయట పెట్టిండు. ఏం కావాలె అన్నడు. బ్రాందీ అన్న. ఎవరికి అంటే ముసలమ్మకు పాణం మీదికొచ్చింది అన్న. అందరు గదే అంటరు, నీ ఉమర్ ఎంత అన్నడు. ఇరవై మూడు అన్న. నా ముఖం ఇట్ల చూసిండు, అట్ల చూసిండు, సబూత్ చూపెట్టు అన్నడు. జేబులనుంచి వర్క్‌షాపు ఇత్తడి బిళ్ళ తీసి చూపెట్టిన. మీకెరుకే గదా, దాని మీద మన నెంబరు తప్ప ఇంకేం ఉండదు. సేటు దాన్ని దీపం కాడ పెట్టి, నాలుగొందల పన్నెండు! నీకు నాలుగొందల పన్నెండేండ్లా, మరి ఇరవై మూడంటవేంది అన్నడు!”

వరండా అంతా నవ్వింది. నాన్న కూడా నవ్వాడు. ఇంతవరకూ అతను చెప్పింది అక్షరాలా నిజం. సేటు ఆ బిళ్ళను దీపం దగ్గర పెట్టడం నేను చూశాను. కానీ ఇక్కడితో నిజం అయిపోయిందని, ఇక ముందు అతను పైకి చెప్పగల నిజం లేదని నాకు మాత్రమే తెలుసు.

“మరి ఎలా నమ్మాడు?” అన్నాడు నాన్న. “నువ్వొక్కడివే వెళ్ళావా?”

నా చేతిలో కెటిలు మూత టక్కుమంది.

“ఒక్కణ్ణే! ఆ తర్వాత ఏమైందో తెలుసా?” యేసుదాసు గొంతు ఒక మెట్టు పైకెక్కింది. “సేటూ, పిల్లగాని గొంతు ఎట్లుంటది, పెద్దోని గొంతు ఎట్లుంటది, నువ్వే చెవుల పెట్టుకో అని, మన గుడిల పాడే బేసు గొంతు ఒక్కసారి ఇడిసిన. ఊఁ... అని. అంతే! అల్మారిల సీసాలన్నీ గజగజ వణికినయి. బిరడాలు ఠప్ ఠప్ లేసి పైకప్పుకు తగిలినయి. బయట క్లాక్ టవర్ మీద పెద్ద ముల్లు భయపడి ఎనకకు తిరిగింది!”

“గుడిల నీ పాట మా ఇంటిదాంక వినొస్తది పిలగా,” అన్నాడు వీరయ్య మామ. “పిల్లి కుండల ఇరుక్కున్నట్టు.”

“గది పండుగ దినం జలుబు చేసింది మామా! సేటు ఏమన్నడు? గొంతు పెద్దదే గని వయసు పెద్దదని ఏం నమ్మకం, గ్రామఫోను సుత గిట్లనే మొత్తుకుంటది అన్నడు. నాకు కోపమొచ్చింది. సేటూ, నేను పుట్టిన దినమే ఈ సికింద్రాబాద్ స్టేషన్ల ఒక కొత్త ఇంజను దిగింది, దాని పక్కకు ఇత్తడి పలక మీద అది తయారైన సాలు చెక్కి ఉంటది, మా అమ్మ నన్ను కనంగనే దాని కూత వినొచ్చిందని అందరు చెప్తరు, ఇప్పుడే ఆ సాక్షిని తీస్కొస్తా, నువ్వు పలక మూయకు అని ఉరికిన.”

“ఇంజన్నా?” అన్నారు అయ్యగారు.

“ఇంజన్నే! లోకో షెడ్డుల చల్లగ పండుకుని ఉంది పాపం. రైళ్ళు బంద్ గదా ఆ దినాలల్ల. బొగ్గేసిన, నీళ్ళు పెట్టిన, రెగ్యులేటరు గుంజిన.”

నాన్న గార్డు. నవ్వు ఆపుకుంటూ ముందుకు వంగాడు. “స్టేషను దాకా సరే. క్లాక్ టవర్ దాకా పట్టాలెక్కడివిరా?”

“పట్టాలెందుకు నోవహు గారూ? గార్డు ఉంటే పట్టాల మీద నడపాలె. గార్డు బెజవాడల ఉండె గదా! జెండా ఊపెటోడే లేడాయె, ఎక్కడ ఎక్కితే ఏంది? స్టేషన్ మెట్ల మీద నుంచి దించిన, బజారు నడుమల నుంచి తోలిన. టాంగాల కోసం పోసిన కంకరంతా మైదా లెక్క పొడి అయ్యింది. ఇంజన్ను సేటు దుకాణం ముంగట నిలబెట్టి, సేటూ, చదువుకో అన్న. సేటు కళ్ళజోడు పెట్టుకుని పలక చదివిండు. బరాబర్, ఇంజనుకు ఇరవై మూడేండ్లే, ఇంజను వస్తే దానికి సీసా ఇస్తా, నీ సంగతేంది అన్నడు!”

నాయనమ్మ దిండు మీద దొర్లి నవ్వింది. దగ్గు రాకుండా నవ్వింది. నెల కిందట ఆ రొమ్ములో నవ్వుకి చోటు లేదు. ఈ మనిషి అబద్ధాలు ఒక్కొక్కటి ఒక్కో చెంచా బ్రాందీలా ఆమెలోకి దిగుతున్నాయి కదా అని నాకు అనిపించింది. అతని చెవులు ఎర్రబడి ఉన్నాయి. ఎవరికోసం ఎర్రబడ్డాయో నాకు తెలుసు.

“అది సరేగానీ,” అన్నాడు నాన్న, వేలు ఎత్తి. “నువ్వు వెళ్ళినప్పుడు మా అమ్మ దగ్గర ఎవరున్నారు? సలోమి ఉందా?”

నా పేరు వినగానే, “ఆ తర్వాత ఏమైందో తెలుసా?” అంటూ యేసుదాసు లేచి నిలబడ్డాడు. కూర్చుంటే ఆ అబద్ధం సరిపోదనుకున్నాడేమో. “అంత పెద్ద ఇంజను బజార్ల పొగ ఇడుస్తుంటే పైన విమానమోడు ఊకుంటడా? ఇదేందో కొత్త ఫిరంగి తోపు అనుకుని కిందికి దిగిండు. ఎంత కిందికంటే నా టోపీ గాలికి పోయింది. తల బయట పెట్టి, ఏం లడాయి అని అడిగిండు. నేను కింద నుంచి, అన్నా, లడాయి కాదు, వయసు తక్లీఫ్ అన్న. ఆయన అయ్యో అన్నడు. ఊరందరికి కాగితాలు ఎదజల్లుకుంట పోతుండె గదా, అండ్ల ఒక కాగితం ఎనకకు మర్లేసి, ‘పైనుంచి చూసిన, ఈ మనిషి పెద్దోడే’ అని రాసి దస్కతు చేసి ఇడిసిండు. కాగితం ఊగుకుంట ఊగుకుంట వచ్చి సరిగ్గ సేటు చేతిల వాలింది!”

“ఇచ్చిండా మరి పిలగా?”

“ఎక్కడిచ్చిండు! పైనుంచి చూస్తే అందరి నెత్తులే కనబడతయి, గడ్డం ఎట్ల కనబడ్డది అన్నడు!”

వీరయ్య మామ తొడ చరుచుకున్నాడు. “గది సేటంటే!”

“ఇగ విను మామా. గింతల్నే దూరం నుంచి గుడుగుడుమని మోత. యూనియన్ మిలటరీ! ట్యాంకులు, జీపులు, లారీలు, ఎనక వంట సామాను. బజారు నడుమల నా ఇంజను అడ్డముండె గదా, మొత్తం ఫౌజు ఆగిపోయింది. జీపుల నుంచి ఒక పెద్ద దొర దిగిండు. మీసాలు ఇట్ల, రెండు దిక్కుల ఒక్కొక్క కాకి కూసుంటది. ఏందీ పరేషాన్ అన్నడు. చెప్పిన. ఆయన టోపీ తీసి చంకల పెట్టుకుని, ముసలమ్మకు మందా? ముందుగాల ఇది తేలాలె, లడాయి సంగతి మల్ల చూస్తం అన్నడు. అవతల దిక్కు నుంచి నిజాం ఫౌజు ఆఫీసర్లు సుత తెల్ల జెండా పట్టుకుని ఒచ్చిండ్రు. దొరా, మేము లొంగిపోతం, కాగితం యాడ అంటే, దొర కసిరిండు. జెర ఆగుండ్రి, ఇక్కడ ఒక పిల్లగాని వయసు తేలుతున్నది అన్నడు. అందుకే చెప్తున్న, పోలీసు యాక్షన్ ఐదు దినాలు ఎందుకు పట్టిందో తెలుసా? నాలుగు దినాలల్ల అయిపోయేది! ఒక దినం నా గడ్డం ఎతుకుటానికి పట్టింది!”

ఇక వరండాలో ఎవరూ మామూలుగా కూర్చుని లేరు. అయ్యగారు కళ్ళజోడు తీసేసి కళ్ళు తుడుచుకుంటున్నారు. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ అందరికీ గుండె దడ. తలుపులు వేసుకుని, దీపాలు ఆర్పుకుని, అడుగుల చప్పుడు వినబడితే ఎవరివో అని చెవులు రిక్కించి బతికాం. అలాంటి రోజులను తలుచుకుని నవ్వడం ఆ సాయంత్రమే మొదలు.

“దొరికిందా గడ్డం?” అన్నాడు నాన్న, పొట్ట పట్టుకుని.

“రెండు ఫౌజులు కలిసి ఎతికినయి! దొర భూతద్దం పట్టిండు. నిజాం ఆఫీసరు లాంతరు పట్టిండు. ఎడమ దిక్కు ఎతికిండ్రు, లేదు. కుడి దిక్కు ఎతికిండ్రు, లేదు. ఆఖరికి గడ్డం కింద, ఈడ, ఒక్క ఎంట్రుక! ఒక్కటే! దొర ‘అటెన్షన్’ అన్నడు. మొత్తం ఫౌజు నా ఎంట్రుకకు సలాం కొట్టింది. బ్యాండు మోగింది. సేటు కండ్ల నీళ్ళు పెట్టుకుని సీసా తెచ్చి నా చేతుల పెట్టిండు. దొర నన్ను ట్యాంకు మీద కూసోబెట్టి లాలాగూడకు తోలిచ్చిండు. ట్యాంకు మన గల్లీల మర్లలేదు. అందుకే ఎవ్వరు చూడలే!”

“ఆ ఎంట్రుక ఏది పిలగా?”

“మల్ల తెల్లారి గొరిగిన. పెద్దోళ్ళు రోజూ గొరుగుతరు గదా!”

నవ్వులు, చప్పట్లు. యేసుదాసు చెమట తుడుచుకుంటూ కూర్చున్నాడు. గట్టెక్కాడు. నాన్న ప్రశ్న ఇంజను చక్రాల కింద, ట్యాంకు కింద నలిగిపోయింది. ఆ దారిలో అతని పక్కన ఇంకెవరైనా ఉన్నారా అని అడగడం అందరూ మరిచిపోయారు. నేను ఊపిరి తీసుకున్నాను.

అప్పుడే గేటు ముందు టాంగా ఆగింది.

పొడుగు తెల్ల కోటు, నల్ల టోపీ, చేతిలో కేకు పొట్లం. ఒక ముసలాయన మెల్లగా దిగి మెట్లెక్కాడు. యేసుదాసు ఆయన్ని చూసి, ఖాళీ కప్పును నోటికి పెట్టుకున్నాడు. దొరాబ్జీ సేటు!

“రండి సేటు గారూ, రండి!” అంది నాయనమ్మ సంబరంగా. “నేనే కబురు పెట్టాను. సీసా మీద కాగితంలో దుకాణం పేరుందిగా, వీరయ్యతో చెప్పించాను. నా ప్రాణం నిలబెట్టడంలో చేయి వేసిన వాళ్ళలో మిమ్మల్ని మరిస్తే ఎలా?”

“నేను జెప్పంగనే ఒస్తనన్నడు,” అన్నాడు వీరయ్య మామ గర్వంగా. “వచ్చినంక అందరికి ఎరుకైతది గదాని నేనేం అనలే.”

సేటు నాయనమ్మ చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. “అమ్మా, నా దుకాణంల నుంచి పోయిన సీసాకు ఎవరన్న దువా చేసి ఇంటికి పిలిచిండ్రంటే, నా జిందగీల ఇదే మొదలు. తిట్టినోళ్ళే అందరు.” అటు తిరిగి, “అరె, యేసుదాస్ బాబూ! నువ్వు సుత ఉన్నవా? ఏది, నీ బీబీ ఏది? ఆ దినం నీకంటే ఆమెనే గట్టిగుండె!”

వరండాలో అందరి తలలూ యేసుదాసు వైపు తిరిగాయి.

“బీబీనా?” అన్నాడు నాన్న.

యేసుదాసు కప్పు కింద పెట్టాడు. “బీబీ... గామె బీబీ కాదు నోవహు గారూ. గామె మిలటరీ దొర! ముందుగాల ఊరు చూసిపోనీకి ఆడేషం ఏసుకుని ఒచ్చిండు.”

“మీసాల దొరా?” అన్నాడు వీరయ్య మామ. “చీర కట్టిండా?”

“కట్టిండు! కుచ్చిళ్ళు సుత పెట్టిండు! మీసాల మీదికెళ్ళి కొంగు కప్పుకుండు!”

“ఏం మాట్లాడుతున్నవ్ బాబూ?” సేటు తెల్లబోయాడు. “సన్నగ, నాజూకు పోరి. చేతికి ఎర్ర రాయి ఉంగరం. నేను మర్సిపోతనా?”

నిజంగా దేవుడి సాక్షిగా చెబుతున్నాను, ఆ మాట నా చెవిన పడలేదు. వచ్చిన అతిథికి టీ ఇవ్వాలి కదా అని కప్పు నింపుతున్నాను. ఇంట్లో పద్ధతి ప్రకారం తెర పక్కనుంచి చేయి చాపి కప్పు అందించాను. కప్పు ఎవరూ అందుకోలేదు. నా చేయి ఒక్కటే గాలిలో ఉండిపోయింది, నాయనమ్మ ఎర్ర రాయి ఉంగరంతో సహా.

జ్వరానికి వేళ్ళు వాచినప్పుడు డాక్టరమ్మ తీయించిన ఉంగరం అది. పోకుండా ఉంటుందని నా వేలికి పెట్టుకున్నాను. నాయనమ్మ లేచి తిరుగుతున్నా మళ్ళీ అడగలేదు. ఎందుకు అడగలేదో అప్పటిదాకా నేనూ ఆలోచించలేదు.

“గిదే!” అన్నాడు సేటు ఆనందంగా. “గీ చెయ్యే! అరె, ఆ రోజు నేను పలక మూస్తున్న. అప్పుడు ఆమె అన్నది, ‘ఈయన నా పెనిమిటి, ఇంట్ల ముసలమ్మ ఉంది’ అని. ముందుగాల చెప్పకపోతివా అన్న. శాదీ అయినోడు పిల్లగాడెట్లయితడు? సీసా తీసి ఇచ్చిన. గంతే గదా?”

అంతే. ఇంజను లేదు, విమానం కాగితం లేదు, ఎంట్రుక లేదు.

యేసుదాసు లేచి నాన్న ఎదుట నిలబడ్డాడు. తల వంచుకున్నాడు. “తప్పు నాది నోవహు గారూ. గట్ల అనుమని నేనే చెప్పిన. ఆమె అననన్నది, నేనే బలవంతం చేసిన.”

ఆ సాయంత్రం అతను చెప్పిన అబద్ధాలన్నిటిలో చిన్నది అదే. ఎవరూ నవ్వనిదీ అదొక్కటే.

తెర పక్కకు తోసి బయటికి వచ్చాను. “కాదు నాన్నా. ఆయన ఏమీ చెప్పలేదు. డాక్టరమ్మను నాయనమ్మ దగ్గర కూర్చోబెట్టి నేనూ వెంట వెళ్ళాను. ఆయన బిళ్ళ చూపించాడు, బతిమాలాడు. సేటు గారు పలక వేసేస్తున్నారు. నాయనమ్మ చేతులు ఎంత చల్లగా ఉన్నాయో నాకు గుర్తొచ్చింది. నా అంతట నేనే అన్నాను. తిరిగి వచ్చేటప్పుడు విమానం మోత వచ్చినప్పుడల్లా, సీసాను చొక్కాలో పెట్టుకుని నన్ను గోడ వైపు ఉంచి ఆయన రోడ్డు వైపు నడిచాడు. ఇంటి దగ్గర ఒక్క మాట అన్నాడు. ‘నువ్వన్నది నా నోట్ల నుంచి బయటికి రాదు, నీ పేరుకు మచ్చ రానియ్య’ అని.”

ఆ ఒక్క మాట నిలబెట్టుకోవడానికే, నాన్న అడిగినప్పుడల్లా అతను ఇంకాస్త పెద్ద సాక్షిని వెతుక్కుని తెచ్చాడు. చివరికి సైన్యం కూడా చాలలేదు. నాకోసం ఇంత శ్రమపడి అబద్ధమాడిన మనిషి లోకంలో ఇంకొకడు ఉంటాడా?

అయ్యగారు మెల్లగా దగ్గారు. వీరయ్య మామ నేల చూపులు చూస్తున్నాడు. సేటు కేకు పొట్లం ఒళ్ళో పెట్టుకుని, తను ఏం పగలగొట్టాడో అర్థంకాక అందరి ముఖాలూ చూస్తున్నాడు. నాయనమ్మ మాత్రం నాన్ననే చూస్తోంది.

నాన్న వాలుకుర్చీ అంచుకు జరిగాడు. తర్వాత యేసుదాసుతో అన్నాడు. “ఆ విమానాల కింద, మా అమ్మ కోసం, నిజంగానే నడిచి వెళ్ళావు కదా?”

“పోయిన.”

“భయం వెయ్యలేదూ?”

“ఏసింది. మస్తు ఏసింది.”

“ఇంట్లో మగదిక్కు లేదు. నేను బెజవాడ ప్లాట్‌ఫారం మీద కూర్చుని, మా అమ్మ ఉందో పోయిందో తెలియక ఏడుస్తున్నాను. అప్పుడు నువ్వు వెళ్ళావు.” నాన్న లేచి యేసుదాసు భుజం మీద చేయి వేశాడు. “అది చాలదట్రా? మళ్ళీ ఇంజను ఎందుకు తెచ్చావు?”

సేటు గొణిగాడు, “ఇంజనా? ఏం ఇంజను?” వీరయ్య మామ ఆయన చేతిలో కేకు పొట్లం తీసుకుని, “మల్ల చెప్తా సేటూ, మీరు కూసోండ్రి” అన్నాడు.

నాన్న నా వైపు తిరిగాడు. కోపం లేదు ఆ ముఖంలో. నాకు దారి వదులుతున్నాడు. “మందు కోసమే కదమ్మా ఆ మాట అన్నావు? ప్రాణం మీదికొచ్చినప్పుడు ఎవరైనా అంటారు. ఇక్కడున్నవాళ్ళు ఎవరూ తప్పు పట్టరు. అవునని చెప్పు, అంతటితో అయిపోతుంది.”

అవునంటే అయిపోయేది. నిడదవోలు మాస్టారు వచ్చే వారం వచ్చేవారు. కేకు కోసుకుని తినేవాళ్ళం.

ఉంగరం తీసి నాయనమ్మ చేతిలో పెట్టబోయాను. ఆమె గుప్పిట మూసుకుంది. “నా వేళ్ళ వాపు ఇంకా తగ్గలేదే,” అంది. నిన్ననే ఆ వేళ్ళతో పిండి పిసికింది.

దేవుడికి, ఆమెకు, ఆ ముసలి సేటుకు, పట్టాలు లేకుండా నడిచిన ఆ ఇంజనుకు కూడా మనసులో దండం పెట్టుకున్నాను. తల ఎత్తి అందరూ వినేట్టు చెప్పాను.

“మందు కోసమే నోరు తెరిచాను నాన్నా. కానీ ఆ మాట అంటున్నప్పుడు, అబద్ధమాడుతున్నానని నాకు అనిపించలేదు.”